అత్త నోట్లో అతిమధురం

మా అత్తకు పొద్దున లేస్తే తుమ్ములు. ఒకటి మొదలైతే ఇక ఆగేవి కావు. ముక్కు కారేది, కళ్ళు ఎర్రబడేవి, అంగిట్లో దురదగా ఉందని నాలుకతో గీరుకుంటూ ఒక వింత చప్పుడు చేసేది. కోలారు వైపు చింతామణిలో మాది చింతపండు, ఎండుమిరపకాయల వ్యాపారం. ముందు అంగడి, దాని వెనక గోదాము, ఆ వెనక ఇల్లు. మామ నేను రాకముందే పోయాడు, ఇంట్లో మేము ముగ్గురమే. నేను బాగేపల్లి నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ఘాటుకు నాకూ దగ్గు వచ్చేది. కొన్నాళ్ళకు అలవాటైపోయింది. మా అత్త సంగతి తలకిందులు. పడుచు వయసంతా ఆ గోదాములో కూర్చుని చింతపండు గింజ తీసిన మనిషి, అప్పుడేమీ కానిది, వయసు మళ్ళాక ఆ దుమ్ముకు ఓర్చుకోలేకపోయింది. మోచేతుల మీద దద్దుర్లు కూడా లేచేవి. గోకి గోకి చర్మం మందమైపోయింది.

మా వీధి చివరి డాక్టరు మాత్రలు రాసిచ్చాడు. వేసుకుంటే తుమ్ములు ఆగేవి గానీ నిద్ర ముంచుకొచ్చేది. ఆమె వారం వారం దగ్గరలోని కైవారం మఠానికి భజనకు పోయేది. మంచి గొంతు. నలుగురిలో ఆమే ఎత్తుకోవాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. అలాంటి మనిషి తాళాలు చేతిలో పట్టుకుని కునికిపాట్లు పడింది. ఇంటికొచ్చి మాత్రల పొట్లం తీసి అలమర పైకి విసిరేసింది.

"తుమ్మితే దేవుడు ఓర్చుకుంటాడు. గురక పెడితే ఓర్చుకుంటాడా?" అంది.

ఆ భజనలోనే ఒకామె అతిమధురం వేరు నమలమని చెప్పింది. గొంతుకు మంచిది, దద్దుర్లు అణుగుతాయి, పాతకాలపు మందు అని. మా అత్త వెంటనే నమ్మే రకం కాదు. ఆమెది మొదటి నుంచీ అనుమానపు ప్రాణం. పాలవాడి పాలను గోటి మీద వేసి చూసేది. తక్కెడలో రాళ్ళు తిరగేసి చూసేది. గ్రంధిగె అంగడికి, అంటే పూజ సామాన్లూ నాటు మందుల వేర్లూ అమ్మే అంగడికి, నన్ను వెంటబెట్టుకుని పోయింది. అంగడాయన పసుపుపచ్చటి కట్టెముక్కలు కాగితం మీద పోశాడు. ఆమె ఒకటి తీసి వాసన చూసి, గోటితో గీకి, ఆయనకే ఇచ్చింది.

"ముందు నువ్వు నములప్పా."

ఆయన నవ్వి నమిలాడు. ఆమె ఆయన మొహాన్నే చూస్తూ కాసేపు నిలబడి, ఏమీ కాలేదని తేలాక కొనింది.

నిజం చెప్పాలంటే అది పనిచేసింది. పొద్దున చెంబుడు నీళ్ళలో ఆ ముక్కలు వేసి మరగకాచి తాగేది. పగలంతా ఒక ముక్క బుగ్గన పెట్టుకుని నమిలేది. కొన్ని వారాలకే తుమ్ములు తగ్గుముఖం పట్టాయి. అంగిలి దురద పోయింది. మోచేతుల మీద చర్మం మెత్తబడింది. గొంతు తేటపడి, కైవారంలో రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో, ఇదివరకు అందుకోలేని చరణాలు కూడా అందుకుంటోందని వెంట పోయినవాళ్ళు చెప్పుకున్నారు. మా ఆయన సంతోషించాడు. నేనూ సంతోషించాను. ఆ కట్టెముక్క ఆమె వక్కాకు సంచిలో ఒక భాగమైపోయింది. ఇక దాన్ని మందని ఎవరూ అనుకోలేదు. వక్క నమిలినట్టే, అది నమలడమూ ఒక అలవాటు.

మా తాలూకా, చుట్టుపక్కల తాలూకాలు కోలారు నుంచి విడిపోయి చిక్కబళ్ళాపురం జిల్లా అయిన కొత్త రోజులవి. ఆ చలికాలంలో ఆమెకు తలనొప్పులు మొదలయ్యాయి. కాళ్ళు వాచాయి. సాయంత్రానికి కాలి కడియాలు చర్మంలోకి దిగబడి తీయడానికి రాకపోతే, నేను సబ్బునీళ్ళు రాసి తీశాను. వీధి చివరి డాక్టరు బీపీ చూసి, మళ్ళీ చూసి, మా ఆయన వైపు తిరిగాడు.

"ఉప్పు పూర్తిగా తగ్గించాల. ఊరగాయ, అప్పడం, కారంపొడి ఏమీ వద్దు. మాత్ర మొదలుపెడతాండా."

మా అత్త ఆ గాలి పట్టీని అనుమానంగా చూసింది. "అది పిసికితే ఎవురికైనా ఎక్కుతాది. ఏదీ, నా కొడుక్కి చుట్టి చూడు" అంది. డాక్టరు చుట్టి చూశాడు. మా ఆయనకు ఏమీ లేదు. ఆమెకు మరింత కోపం వచ్చింది.

ఇంట్లో ఆమెకు వేరుగా వండడం మొదలుపెట్టాను. ఆమె పప్పు, ఆమె చారు, ఆమె రాగిసంకటి వేరే గిన్నెల్లో. ఉప్పు డబ్బా దగ్గరికి చెయ్యి పోతే నేనే ఉలిక్కిపడేదాన్ని. అయినా మళ్ళీ చూపించినప్పుడు బీపీ తగ్గలేదు. మాత్ర పెంచాడు. తగ్గలేదు. ఇంకో మాత్ర కలిపాడు. అదీ పెద్దగా పని చేయలేదు. కాళ్ళ వాపు అలాగే ఉంది. ఒకసారి డాక్టరు విసుక్కున్నాడు.

"ఇన్ని మాత్రలకూ తగ్గలేదంటే ఒకటే లెక్క. ఉప్పు యాడి నుంచో లోపలికి పోతాండాది. మీ ఇంట్లో ఎవురో నిజం చెప్పడం లే."

ముగ్గురమూ ఇంటికి నడిచి వచ్చాం. మా ఆయన నా వైపు ఒకసారి చూశాడు. నేను అత్త వైపు చూశాను. అత్త మా ఇద్దరినీ చూసింది. ఆ చూపులతోనే మా ఇల్లు చెడింది.

నా అనుమానం ఊరగాయ మీద. ఆమెకు ఉసిరికాయ ఊరగాయ అంటే ప్రాణం. మధ్యాహ్నం నేను కునుకు తీసినప్పుడు లేచి వెళ్ళి తింటోందని నమ్మాను. జాడీ మూతికి కట్టే గుడ్డను నా పద్ధతిలో ముడి వేసి, పైన కనపడకుండా ఒక వెంట్రుక పెట్టాను. మరునాడు చూస్తే ముడి అలాగే ఉంది, వెంట్రుక అలాగే ఉంది. అయితే ఇంకెక్కడో తింటోందనుకున్నాను. భజనకు పోయినచోట ప్రసాదంతో పాటు పులిహోర తింటోందేమో, పక్కింటివాళ్ళు పిలిచి మజ్జిగ మిరపకాయలు పెడుతున్నారేమో. పక్కింటామెను మాటల్లో పెట్టి అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, "ముసలామె తినే తిండిని కూడా కాపలా కాస్తాండావా?" అంది.

మా అత్త అనుమానం నా మీద. వంటింటి గడపలో పీట వేసుకుని, నా చేతుల్నే చూస్తూ కూర్చునేది. నేను పోపు పెట్టినా, నీళ్ళు పోసినా, ఆమె కళ్ళు నా వేళ్ళ వెంట తిరిగేవి. బుగ్గలో ఆ కట్టెముక్క మెల్లగా కదులుతూ ఉండేది. ఒక రోజు చారు నోట్లో పోసుకుని కంచం ముందుకు నెట్టింది.

"దీంట్లో ఉప్పు పడిండాది."

"చిటికెడు కూడా వెయ్యలేదత్తా. మీరు చూస్తానే ఉండారు గదా."

"నేను ముక్కు తుడుచుకునేదానికి పక్కకు తిరిగినాను. అప్పుడు వేసినావు."

"ఎందుకు వేస్తా? మీకు బీపీ పెరిగితే నాకేమొస్తాది?"

ఆమె కంచం వదిలి లేచింది. మా ఆయన అప్పుడే అంగడి నుంచి లోపలికి వచ్చాడు. ఆయన చారులో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, "చప్పగానే ఉందమ్మా" అన్నాడు. కానీ ఆ మాట అనడానికి ముందు రుచి చూశాడు కదా. అది నాకు గుచ్చుకుంది.

మరునాటి నుంచి ఆమె వసారాలో కిరసనాయిలు స్టవ్వు పెట్టుకుని తన వంట తానే వండుకుంది. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలంటే మా వైపు చిన్న మాట కాదు. అంగడికి వచ్చిన హమాలీలకు కూడా తెలిసిపోయింది. చింతపండు తూకానికి వచ్చిన కెంచార్లహళ్ళి రైతు ఒకాయన మా ఆయనను మెల్లగా, "వేరు పడినారా అప్పా?" అని అడిగాడట. ఆ రాత్రి మా ఆయన అన్నం తినలేదు.

నేను కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి వస్తానన్నాను. ఆయన వద్దనలేదు.

బాగేపల్లిలో బస్సు దిగేసరికి ఎండ మండుతోంది. మా అమ్మ నన్ను చూసి కారణం అడగలేదు. కాళ్ళు కడుక్కోమంది, మజ్జిగ ఇచ్చింది. మూడో రోజో నాలుగో రోజో చిక్కుడుకాయలు వలుస్తూ జరిగినదంతా చెప్పాను. అమ్మ అంతా విని, ఈనె తీస్తున్న చేతిని ఆపకుండానే అడిగింది.

"నిజం చెప్పు. ఎప్పుడన్నా కోపంలో ఒకసారి వేసినావా?"

కన్నతల్లికి కూడా నా మీద అనుమానమే. లేదన్నాను. అమ్మ, "సరే, లేదంటే లేదు" అంది. ఆ తర్వాత మళ్ళీ ఎత్తలేదు. కానీ నేను లేనప్పుడు నాన్నతో గుసగుసగా మాట్లాడటం విన్నాను. ఆ కొన్ని రోజులూ నేనూ నన్నే అనుమానించుకున్నాను. నిద్రమత్తులో ఎప్పుడైనా అలవాటుగా చెయ్యి ఉప్పు డబ్బాలోకి పోయిందా? గిన్నెలు మారిపోయాయా? నాకు గుర్తున్నంతవరకు లేదు. గుర్తు లేనిదానికి ఏం చెప్పగలను?

ఒక సాయంత్రం మా ఆయన ఫోను చేశాడు. ఆయన గొంతు వినగానే నాకు భయం వేసింది.

"అమ్మ కైవారంలో కూర్చున్న చోటి నుంచి లేవలేకపోయింది. కాళ్ళలో బలం లే. నలుగురు పట్టుకుని లేపినారు. చిక్కబళ్ళాపురం తీసుకుపోతాండా. నువ్వు అట్నే అక్కడికి వచ్చెయ్."

నేను దొరికిన బస్సెక్కాను. దారి పొడుగునా ఒకటే ఆలోచన. నేను ఇంట్లో లేను. ఆమె వంట ఆమే చేసుకుంది. మరి ఇప్పుడు ఎవరి మీద పడుతుంది? ఆమె పడిపోయిందన్న బాధ లోపల ఉండనే ఉంది, దాని పక్కనే ఈ లెక్క కూడా నడుస్తోంది.

చిక్కబళ్ళాపురంలో మేము చూపించిన డాక్టరమ్మ నడివయసు మనిషి. నెమ్మదిగా మాట్లాడేది. బీపీ మునుపటికంటే ఎక్కువగా ఉంది. రక్తపరీక్ష కాగితం వచ్చాక దాన్ని పక్కన పెట్టి మా అత్త వైపు తిరిగింది.

"పొటాషియం బాగా తగ్గిపోయింది. అందుకే కాళ్ళలో బలం లేదు. ఉప్పు తింటే బీపీ పెరుగుతుంది గానీ పొటాషియం ఇంతలా పడిపోదు. నాటి ఔషధి ఏనాదరూ తగోతిదీరా?" నాటు మందులేమైనా వాడుతున్నారా అని కన్నడంలో అడిగింది.

"ఏమీ లేదమ్మా. మా ఊరి డాక్టరిచ్చిన మాత్రలే" అంది అత్త తెలుగులోనే.

"చూర్ణం, లేహ్యం, కషాయం?"

"ఏమీ లే. నాకు అట్లాంటివాటి మీద నమ్మకం లే."

ఆమె అబద్ధం చెప్పలేదు. నేను పక్కనే ఉన్నాను, నాకూ ఏమీ తోచలేదు. మా ఆయనకూ తోచలేదు. డాక్టరమ్మ నాలుక చూద్దామని నోరు తెరవమంది. అత్త నోరు తెరవకుండా ముందు బుగ్గలో ఉన్నదాన్ని ఒక పక్కకు తోసుకుంది. డాక్టరమ్మ అది గమనించింది.

"నోట్లో ఏముంది?"

"ఏమీ లేదమ్మా. కట్టెముక్క."

"ఏం కట్టె? తీయండి చూస్తాను."

అత్త మొహమాటపడుతూ కాగితం మీదికి తీసింది. నలిగిన పసుపుపచ్చటి పీచు. డాక్టరమ్మ దాన్ని చూసి, ఆపైన మమ్మల్ని చూసి, "జ్యేష్ఠమధు?" అంది.

మేము ముగ్గురమూ ఒకేసారి, "అతిమధురం" అన్నాం.

"ఎన్నాళ్ళుగా నములుతున్నారు?"

ఏడాది పైనే అయింది. పొద్దున కాచి తాగడం, పగలంతా నమలడం అన్నీ చెప్పాం. డాక్టరమ్మ పెన్ను కింద పెట్టి కుర్చీలో వెనక్కి వాలింది. ఆమె చెప్పినది నాకు అర్థమైనంతవరకు ఇది. ఒంట్లో సహజంగా ఊరే ఒక రసం ఉంటుంది. వాపునూ దురదనూ తుమ్మునూ అణిచేది అదే. అతిమధురం ఆ రసం తొందరగా చెడిపోకుండా అడ్డుపడుతుంది. ఆమెకు ఉపశమనం కలగడానికి అదొక కారణం కావచ్చు. కానీ అదే రసం మూత్రపిండాల్లో ఎక్కువసేపు నిలిస్తే ఒంట్లో ఉప్పునూ నీటినీ పట్టి ఉంచుతుంది, పొటాషియంను బయటికి తోసేస్తుంది. కొన్నాళ్ళు కొంచెంగా తీసుకుంటే చాలామందికి ఏమీ కాదు. ఇలా ఏడాది పొడుగునా పొద్దస్తమానం నమలకూడదు.

"అంటే, ఉప్పు తినకపోయినా ఒంట్లో ఉప్పు నిలబడిందా?" మా ఆయన అడిగాడు.

"అవును. ఇది వంటలో పడిన ఉప్పు కాదు."

ఆ మాట డాక్టరమ్మ మామూలుగానే అంది. మా ఇంటి సంగతి ఆమెకు తెలియదు. నేను కిటికీ వైపు తిరిగి కొంగుతో కళ్ళు ఒత్తుకున్నాను. మా ఆయన నేల చూశాడు. అత్త మాత్రం నమ్మలేదు.

"తియ్యటి కట్టెలో ఉప్పు ఎట్లుంటాదమ్మా? మా అవ్వ కూడా నమిలింది దీన్ని."

"మీ అవ్వకు దగ్గొచ్చినప్పుడు నాలుగు రోజులు నమిలి ఉంటుంది."

ఆసుపత్రిలో ఉంచుకుని సూది ద్వారా పొటాషియం ఎక్కించారు. ఇంటికి పంపేటప్పుడు తాగడానికి మందు ఇచ్చారు. అతిమధురం ముట్టుకోవద్దని నాతో ఒకసారి, మా ఆయనతో ఒకసారి, ఆమెతో రెండుసార్లు చెప్పారు.

చింతామణిలో దిగగానే ఆమె ఇంటికి రాలేదు. ఒక చెయ్యి నా భుజం మీద, ఒక చెయ్యి కొడుకు భుజం మీద వేసి నేరుగా గ్రంధిగె అంగడికి నడిపించింది. మెట్టెక్కలేక కిందే నిలబడి అరిచింది.

"ఏమప్పా, ఏం కలిపినావు దాంట్లో? కాళ్ళు పడిపోయినాయి నాకు."

అంగడాయన బయటికొచ్చి సంగతంతా విన్నాడు. మొదట బెదిరాడు. డబ్బా ఎత్తుకొచ్చి అందరి ముందూ కుమ్మరించాడు.

"ఏమీ కలపలేదమ్మా. వేరు వచ్చింది వచ్చినట్టే అమ్ముతాండా. మీరు దాన్ని శనక్కాయల మాదిరి తింటాండారని నాకేం తెలుసు?"

"నువ్వెందుకు చెప్పలే, ఎంత తినాలనేది?"

"మీరు అడగలేదు గదమ్మా."

జనం పోగయ్యారు. మా ఆయన ఆమెను మెల్లగా ఇంటికి మళ్ళించాడు. దారిలో, "వాడి మొహం చూస్తే ఏదో కలిపినట్టే ఉండాది" అని గొణిగింది. కానీ ఇంటికొచ్చాక వక్కాకు సంచిలోంచి మిగిలిన ముక్కలు తీసి తానే దిబ్బ మీద పారేసింది.

తర్వాతి వారాల్లో వాపు దిగింది. కడియాలు మళ్ళీ కాళ్ళకు వదులయ్యాయి. డాక్టరమ్మ ఒక మాత్ర తీసేసింది, ఇంకోటి సగం చేసింది. బీపీ చూసిన ప్రతిసారీ అత్త ఆ యంత్రం వైపే చూసేది, ఈసారి ఏమనకుండా. తుమ్ములు మాత్రం తిరిగొచ్చాయి. దద్దుర్లూ వచ్చాయి. డాక్టరమ్మ ముక్కులో కొట్టుకునే మందు ఇచ్చింది. దాని సీసాను అత్త వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "దీంట్లో కూడా ఆ కట్టె రసమే ఉండాదేమో అడుగు" అని నన్ను ఫోను చేయించింది. లేదని చెప్పారు. అయినా ఒక ముక్కులో కొట్టుకుని ఒక పూట చూసి, తర్వాతే రెండో ముక్కులో కొట్టుకుంది. మా ఆయన గోదాముకూ ఇంటికీ మధ్య తలుపును మూసి, పక్కసందు నుంచి దారి పెట్టాడు. దానితో సగం బాధ తగ్గింది. ఆ పని ముందే చేసి ఉండవలసిందని ఆయన అన్నాడు.

అన్నీ తేలిపోయినా వసారాలో స్టవ్వు మాత్రం అలాగే ఉంది. ఆమె వంట ఆమెదే. నేనూ రమ్మని అనలేదు. నాకూ పంతం ఉంది. తప్పు ఎవరిదీ కాదని తేలింది సరే, నేను ఉప్పు వేశానని అన్న మాట ఎక్కడికి పోతుంది? ఆమె ఆ మాట వెనక్కి తీసుకోలేదు. మా ఇద్దరి మధ్య మా ఆయన రెండు పొయ్యిల అన్నమూ చెరికొంత తినేవాడు.

ఒక రోజు వాన పట్టుకుంది. వసారాలోకి జల్లు కొడుతోంది. స్టవ్వు వెలిగించబోయి ఆరిపోతే, మళ్ళీ వెలిగించబోయి, చివరికి ఆమె తన కంచం పట్టుకుని వంటింటి గడపలోకి వచ్చి నిలబడింది. నేను చారు దించుతున్నాను.

"అది ఎవురి చారు?" అంది.

"అందరిదీ. మీరు ఆసుపత్రి నుంచి వచ్చినప్పటి నుంచి మాకూ ఉప్పు తగ్గించినాను."

ఆమె పీట వేసుకుని కూర్చుంది. "ఇంత పొయ్యి" అని కంచం ముందుకు జరిపింది.

అన్నం పెట్టి చారు పోశాను. ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలకుండా, నాలుక మీద పెట్టుకుని ఒక్క క్షణం ఆగింది. నేను గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. చాలాసేపైనట్టు అనిపించింది. ఆపైన నమిలి మింగి, "చప్పగా ఉండాది. బాగుండాది" అంది.

స్టవ్వును మా ఆయన గోదాములో పడేశాడు. భజనలో ఎవరైనా పసుపుపచ్చటి కట్టెముక్క బుగ్గన పెట్టుకుంటే ఆమె ఊరుకునేది కాదట. "ఎన్నాళ్ళ నుంచి? కాళ్ళు వాచినాయా? బీపీ చూపించుకున్నావా?" అని పోలీసు మాదిరి అడిగేదట. కొందరు ఆమెను చూస్తే నోరు మూసుకుని పక్కకు తప్పుకునేవాళ్ళట. ఇంట్లో మాత్రం ఆమె బతికినన్నాళ్ళూ నేను వడ్డించిన మొదటి ముద్దను నాలుక మీద పెట్టుకుని ఒక్క క్షణం ఆగేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత తర్వాత నేనూ ఆమెతో పాటు ఆగేదాన్ని. ఆమె తలూపేది. అప్పుడు కూర వడ్డించేదాన్ని.